ధ్రువిత లేజర్ కాంతి – ఉపగ్రహ చిత్రణ: గోప్యత నడుమ ఒక విజ్ఞాన చరిత్ర

ఉపోద్ఘాతం:
విజ్ఞానశాస్త్ర చరిత్రలో ప్రచురణ తేదీనే ఆవిష్కరణ తేదీగా గ్రహించడం పరిపాటి. భూమి మీద నుంచి ఉపగ్రహాలను చిత్రించే విద్యకు ఈ కొలమానం ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

వాతావరణ అవరోధం:
గాలి కంపనం దూరదర్శినికి అవరోధమనీ, ఎత్తైన పర్వత శిఖరాల మీది నిశ్చలమైన గాలే దానికి పరిహారమనీ న్యూటన్ 1704 నాటి 'ఆప్టిక్స్' గ్రంథంలో పేర్కొన్నారు. ఈ కంపనం వల్ల దృశ్యం సుమారు 1 ఆర్క్ సెకండు మేర చెదురుతుంది. 1000 కిలోమీటర్ల ఎత్తున అది దాదాపు 5 మీటర్లకు సమానం. గాలి అడ్డులేకపోతే 3.5 మీటర్ల దర్పణం అక్కడ 16 సెంటీమీటర్ల వివరాన్ని చూపగలదు.

ఈ చెదురును అప్పటికప్పుడు సరిదిద్దే పద్ధతిని హోరేస్ బాబ్‌కాక్ 1953లో ప్రతిపాదించారు. అయితే గాలి తీరును కొలవడానికి ప్రకాశవంతమైన కాంతి బిందువు కావాలి. మసకగా ఉండి వేగంగా కదిలే ఉపగ్రహం పక్కన అటువంటి నక్షత్రం అరుదు.

కృత్రిమ నక్షత్రం:
లేజర్‌తో ఆ బిందువును సృష్టించవచ్చునని అమెరికాలో జూలియస్ ఫైన్‌లీబ్ 1981లో సూచించారు. సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున ఉన్న సోడియం పొరను ఇందుకు వాడవచ్చునని విలియం హాపర్ 1982లో ప్రతిపాదించారు. న్యూమెక్సికోలో రాబర్ట్ ఫ్యూగేట్ బృందం 1983లో లేజర్ నక్షత్ర ప్రయోగం చేసింది. ఇవన్నీ రక్షణ రహస్యాలుగా ఉండిపోయాయి. ఈలోగా ఫ్రాన్స్‌లో ఫ్వా, లబేరీ ఇదే భావనను స్వతంత్రంగా 1985లో ప్రచురించారు. అమెరికా 1991లో గోప్యతను తొలగించింది. హాపర్ బృందపు గణన 1994లో అచ్చయింది.

ధ్రువణం పాత్ర:
589 నానోమీటర్ల లేజర్‌ను వృత్తాకారంగా ధ్రువీకరిస్తే సోడియం పరమాణువుల నుంచి తిరిగివచ్చే కాంతి పెరుగుతుంది. ధ్రువిత లేజర్‌ను నేరుగా ఉపగ్రహం మీదికే పంపితే మరొక ప్రయోజనం ఉంది. నునుపైన లోహతలం ధ్రువణాన్ని చాలావరకు నిలుపుతుంది, గరుకుతలం చెదరగొడుతుంది. చిత్రం ఆకృతిని తెలిపితే ధ్రువణం ఉపరితల స్వభావాన్ని సూచిస్తుంది. పరదేశపు ఉపగ్రహం గురించి ఇంత తెలియడం సైనికంగా ఎంత విలువైనదో గ్రహిస్తే ఆనాటి గోప్యతకు కారణం అర్థమవుతుంది.

ముగింపు:
ఊహను బట్టి చూస్తే ప్రాథమ్యం అమెరికాది. ప్రచురణను బట్టి ఫ్రాన్స్‌ది. కానీ దాచిన జ్ఞానాన్ని ఇతరులు పరీక్షించలేరు, ఖండించలేరు, కొనసాగించలేరు. ఆ పదేళ్లపాటు ఖగోళ పరిశోధకులకు అది లేనట్టే. కనుక ఇటువంటి విషయాల్లో చరిత్రకారుడు భావన పుట్టిన తేదీని, అది లోకానికి అందిన తేదీని విడివిడిగా నమోదు చేయవలసి ఉంటుంది. ఆ రెంటి మధ్య అంతరం కూడా చరిత్రలో భాగమే.