భీమేశ్వరుడి దీపం, బోయవాడి మంద

ప్రైవేట్ ఈక్విటీలో పైకి రావాలంటే బిజినెస్ స్కూల్లో చదివి తీరాలా? దీనికి జవాబు కోసం ముంబయికో న్యూయార్క్‌కో పోయేముందు, రామచంద్రపురం పక్కనున్న ద్రాక్షారామంలో కాసేపు ఆగడం మంచిది. అక్కడి భీమేశ్వరాలయం గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలున్నాయి. వాటిలో అఖండదీపాలకు చేసిన దానాలు కొల్లలు. పద్ధతి దాదాపు ఒక్కటే. దాత ఒక దీపానికి మామూలుగా యాభై గొర్రెలు ఇస్తాడు. ఆ మందను ఒక బోయవాడికి, అంటే మంద కాసే కాపరికి, అప్పగిస్తారు. అతడు రోజూ మానెడు నెయ్యి గుడికి చెల్లించాలి. అతడి తర్వాత కొడుకులు, ఆ తర్వాత మనవలు చెల్లించాలి. ఇది భక్తే, అందులో సందేహం లేదు. అయితే భక్తి వెనక గట్టి లెక్క ఉంది. సొత్తు ఒకరిది, దాన్ని పెంచే నేర్పు వేరొకరిది, రాబడి ఎంతో ముందే తేలిపోయింది, ఒప్పందం రాతికెక్కింది. పరాయి సొమ్మును తీసుకుని, నేర్పుతో పెంచి, మాట ప్రకారం తిరిగి చెల్లించడమే ప్రైవేట్ ఈక్విటీ వృత్తి అయితే, ఆ వృత్తికి మన గడ్డ మీద దాదాపు వెయ్యేళ్ల చరిత్ర ఉన్నట్టే.

ఈ ఏర్పాటులో అసలు కష్టం ఎవరిదో చూడండి. గొర్రెలు ముసలివవుతాయి, రోగాలొచ్చి చస్తాయి. నెయ్యి మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. తమిళ శాసనాల్లో ఇలాంటి మందను చావనివీ ముసలివి కానివీ అయిన గొర్రెలంటారు. గొర్రె చచ్చినా మంద చావకూడదని దాని భావం. ఏ పిల్లను ఉంచుకోవాలో, ఏ పొట్టేలును అమ్ముకోవాలో, గోదావరి పొంగితే మందను ఏ మెరకకు తోలాలో తెలిసినవాడికే అది సాధ్యం. ఆ విద్య బోయవాడు మంద వెంట తిరిగి నేర్చుకున్నాడు. అయితే దానం చేసినవాళ్లలో రాణులున్నారు, మంత్రులున్నారు, దూరదేశాల నుంచి వచ్చినవాళ్లున్నారు. బోయవాడి నేర్పును తూచగల శక్తి వాళ్లకు లేదు. అందుకే రాయి కావలసి వచ్చింది. మందను పెంచడం ఒక విద్య, ముక్కూముఖం తెలియనివాళ్ల నమ్మకం సంపాదించడం వేరే విద్య. బిజినెస్ స్కూలు ఇచ్చేది ముఖ్యంగా ఈ రెండోదేనని నా వాదన.

గోదావరి డెల్టా చరిత్ర దీన్నే ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్లతో వరి పండింది, రైతు చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. ఆ మిగులు వడ్డీ వ్యాపారంలోకి, రైసుమిల్లు వాటాల్లోకి, తర్వాత పంచదార ఫ్యాక్టరీల్లోకి వెళ్లింది. 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ పుట్టింది. రామచంద్రపురానికి దగ్గర్లోని చెల్లూరులో సర్వారాయ షుగర్స్ వెలిసింది. చెరకు గెడ చూసి రసం అంచనా కట్టగల ప్రాంతంలో ఈ పెట్టుబడి పెరిగింది. కానీ దానికి ఒక పెద్ద లోపం ఉంది. నమ్మకం చుట్టరికం దాటేది కాదు. ఎంత తెలివైనవాడైనా, కులమూ బంధుత్వమూ లేనివాడికి వాటా దొరకడం గగనం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎంబీఏ, 2001లో హైదరాబాదులో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వచ్చాక, మేనమామ పూచీ లేనివాడికి పట్టా పూచీగా నిలిచింది. దీన్ని నేను చిన్న మేలు అనుకోను.

దీపానికీ ప్రైవేట్ ఈక్విటీ ఫండుకూ పోలికేమిటని అడగవచ్చు. దీపం లాభం కోరదు, ఫండు కొన్నేళ్లకు వాటా అమ్ముకుని బయటపడుతుంది. తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ సొమ్ము అప్పగించేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఉండే చిక్కు రెండు చోట్లా ఒకటే. ఇంతకన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. 1976లో ప్రైవేట్ ఈక్విటీ సంస్థ కేకేఆర్‌ను నెలకొల్పిన ముగ్గురిలో కోల్‌బర్గ్, క్రావిస్ ఇద్దరూ ఎంబీఏలే, 1985లో అలాంటి మరో సంస్థ బ్లాక్‌స్టోన్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన ష్వార్జ్‌మన్ హార్వర్డ్ పట్టభద్రుడే కదా అంటారు. నిజమే. కానీ కేకేఆర్‌లో మూడోవాడైన రాబర్ట్స్ చదివింది న్యాయశాస్త్రం. ఆ ముగ్గురూ కంపెనీలు కొనే విద్యలో ఆరితేరింది పెట్టుబడి బ్యాంకు బేర్ స్టెర్న్స్‌లో పనిచేస్తూనే. ష్వార్జ్‌మన్ అలాంటి మరో బ్యాంకు లేమన్ బ్రదర్స్‌లో ఏళ్లు గడిపాకే సొంత సంస్థ పెట్టాడు. వీళ్లందరికన్నా ముందు, 1946లో కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ సంస్థను నిలబెట్టిన జార్జ్ డోరియో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడే, కానీ అక్కడ పట్టా పుచ్చుకున్నవాడు కాదు. 1957లో ఆ సంస్థ 70,000 డాలర్లు పెట్టింది కంప్యూటర్ కంపెనీ డిజిటల్ ఎక్విప్‌మెంట్‌లో, అంటే ఇద్దరు ఇంజనీర్ల చేతిలో. అది కోట్ల డాలర్లయింది. ఆచార్యుడు సైతం మంద తెలిసినవాణ్ణే వెతికాడు.

కాబట్టి పెద్ద ఫండులో గుమ్మం దాటడానికి బిజినెస్ స్కూలు ఉపయోగపడుతుంది, అండ లేని ఇంటి నుంచి వచ్చినవాళ్లకు మరీను. మిల్లులోనో ఫ్యాక్టరీలోనో ఆసుపత్రి లెక్కల్లోనో కొన్నేళ్లు పనిచేయకుండా నేరుగా ఆ పట్టా కోసం అప్పు చేయడం మాత్రం తప్పు. కోనసీమ పిల్లలు ఫీజు కట్టేముందు ఒక్కసారి ద్రాక్షారామం వెళ్లి ఆ శాసనాలు చూడాలని కోరుతున్నాను. వాటిలో దాత పేరుతో పాటు మందను కాసిన బోయవాడి పేరు కూడా చెక్కి ఉంది.