ఏడాది పొడవునా తిరిగే లోడు బండికి ఏ టైరు? కొనే ముందు చూడాల్సినవి

వ్యాసర్పాడి, కొడుంగయ్యూరు, మాధవరం ప్రాంతాల్లో టాటా ఏస్, దోస్త్, బొలెరో పికప్ లాంటి బండ్లు నడుపుకుని బతికే తెలుగు కుటుంబాలకు టైర్ల ఖర్చు చిన్నది కాదు. డీజిల్, ఈఎంఐ పోగా మిగిలిన దాంట్లోంచే అది రావాలి. "ఆల్ టెరైన్ వేసుకో అన్నా, ఎండకీ వానకీ అదొక్కటే చాలు" అని షాపువాళ్లు చెబితే వినడానికి బాగానే ఉంటుంది. మన బండి తిరిగే దారులకు అది అవసరమా అన్నదే ప్రశ్న.

ఆల్ టెరైన్, అంటే ఏటీ టైరు, కొంత తారు రోడ్డు, కొంత మట్టి దారి తిరిగేవారి కోసం చేసింది. ట్రెడ్ దిమ్మలు పెద్దగా, గాడులు వెడల్పుగా ఉంటాయి. అమెరికా, కెనడాల్లో పికప్ ట్రక్కులున్నవారు దీన్ని ఏడాదంతా వాడతారు, ఎందుకంటే అక్కడ మంచు సమస్య. టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ అని ఉన్నా, మూడు శిఖరాల కొండలో మంచు రేకు బొమ్మ ఉన్నా అవి ఆ వాతావరణానికి సంబంధించిన గుర్తులు. చెన్నైలో వాటి కోసం ఒక్క రూపాయి కూడా అదనంగా పెట్టక్కర్లేదు.

తారు రోడ్డు మీద ఏటీ టైరుకు చప్పుడు ఎక్కువ, మైలేజీ కొంచెం తక్కువ. తడి తారు మీద బ్రేకు వేస్తే కొన్ని ఏటీ టైర్లు మామూలు హైవే టైరు కంటే ఎక్కువ దూరం పోయి ఆగుతాయి. రేవు నుంచి మాధవరానికి, అక్కడి నుంచి రెడ్‌హిల్స్ మీదుగా తడ, సూళ్లూరుపేట దాకా పోయే బండికి దారంతా తారే. ఇటుక బట్టీలకు, క్వారీలకు, కొత్త లేఅవుట్లకు వారంలో సగం రోజులైనా వెళ్లేవారికి మాత్రం ఏటీ పనికొస్తుంది. అపోలో ఆప్టెరా ఏటీ2, జేకే రేంజర్ ఏటీ, సియట్ క్రాస్‌డ్రైవ్ ఏటీ లాంటివి ఎక్కువగా ఎస్‌యూవీల కోసం చేసినవి. పికప్‌కు వేసే ముందు సైజు కుదిరిందని సంతోషపడకుండా, అవి మోసే బరువు ఎంతో చదవాలి.

ప్రాణాల మీదికి వచ్చేది ఈ బరువు దగ్గరే. టైరు పక్కన సైజు తర్వాత ఉండే అంకె లోడ్ ఇండెక్స్. ఏస్, మన చెన్నైవాళ్ల మాటలో కుట్టి యానై, టైరు సైజు 145 ఆర్12 ఎల్‌టీ, 8 పీఆర్. ఈ రకం టైర్ల మీద 86 అని కనిపిస్తుంది. 86 అంటే ఒక టైరుకు 530 కిలోలు, వెనక రెండూ కలిపి 1,060. ఆల్టో లాంటి చిన్న కారుకు వచ్చే 145/80 ఆర్12 కూడా 12 అంగుళాల రిమ్ముకే ఎక్కుతుంది, ధర కూడా తక్కువ. దాని ఇండెక్స్ 74, అంటే 375 కిలోలు. రెండూ కలిపి 750 మాత్రమే. నిండా లోడు వేశాక వెనక యాక్సిల్ మీద పడే బరువు అంతకు మించుతుంది. మిగిల్చిన డబ్బు మే నెల మధ్యాహ్నం హైవే మీద ఒక్క పేలుడుతో పోతుంది, అదీ అదృష్టం బాగుండి డబ్బుతోనే పోతే. ఐఎస్ఐ గుర్తు దగ్గర నంబరు కూడా చూడండి: లోడు బండ్ల టైర్లకు ఐఎస్ 15636, కార్ల టైర్లకు ఐఎస్ 15633.

తర్వాత తయారీ తేదీ. డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3225 అంటే 2025లో 32వ వారం. మన చుట్టుపక్కలే ఇన్ని టైరు ఫ్యాక్టరీలుంటే రెండేళ్ల పాత స్టాకు పూర్తి ధరకు ఎందుకు కొనాలి? ఎంఆర్ఎఫ్ 1946లో బొమ్మ బెలూన్ల షెడ్డుగా మొదలైంది మన పక్కనున్న తిరువొత్తియూరులోనే. ఒరగడంలో అపోలో, గుమ్మిడిపూండి దగ్గర తేర్వాయ్ కండిగైలో మిషెలిన్ ఉన్నాయి.

ఎప్పుడు కొనాలన్నదీ ముఖ్యమే. చెన్నైకి ఏడాదిలో పడే సుమారు 140 సెంటీమీటర్ల వానలో 60 శాతం దాకా అక్టోబర్–డిసెంబర్ మధ్యే పడుతుంది. చట్ట ప్రకారం గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ అంత తక్కువ లోతున్న గాడులు నీళ్లను పక్కకు నెట్టలేవు, టైరు నీటి పొర మీద తేలుతుంది. సెప్టెంబర్‌లో కొలిస్తే 3 మిల్లీమీటర్లు ఉంటే సంక్రాంతి దాకా లాగుదామనుకోవద్దు, అప్పుడే మార్చేయండి. గణేశపురం సబ్‌వేలో నీళ్లు నిలిచినప్పుడు మాత్రం ఏ టైరూ కాపాడదు. ఇంజనులోకి నీళ్లు పోతే అయ్యే ఖర్చు ముందు నాలుగు టైర్ల ఖర్చు ఏ మూలకూ రాదు, చుట్టు తిరిగి పోవడమే మేలు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను తర్వాత మణలి, ఎన్నూరు వైపు వరద నీటిలో నూనె కలిసింది. అలాంటి నీళ్లలోంచి వచ్చిన టైర్లను సబ్బు నీళ్లతో కడగాలి, నూనె రబ్బరును మెత్తబరిచి పాడుచేస్తుంది.

ఎండాకాలం సంగతి వేరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది. ఆ వేడిలో టైరుకు పెద్ద శత్రువు తక్కువ గాలి. గాలి తగ్గితే పక్కలు ఎక్కువగా వంగి, లోపల వేడి పెరిగి, పొరలు విడిపోతాయి. గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. మధ్యాహ్నం ఎక్కువ చూపిస్తోందని తీసేస్తే, రాత్రి చల్లారాక తక్కువవుతుంది.

సెకండ్‌హ్యాండ్ టైర్లకు పుదుపేట పేరుపడింది. కొనక తప్పనప్పుడు పగటి వెలుగులో చూడండి, లోపలికి చెయ్యి పెట్టి ప్యాచీలు తడిమి చూడండి. అరిగిన టైరుకు బ్లేడుతో గాడులు కోసి అమ్మడం పాత మోసం. గాడి అడుగున దారాలు కనిపిస్తే వదిలేయండి. రీట్రేడ్ చేయించినవి ముందు చక్రాలకు వద్దు. ఒకే యాక్సిల్ మీద ఒకవైపు రేడియల్, మరోవైపు మామూలు నైలాన్ టైరు అసలే వద్దు.

ధరను కిలోమీటరుకు లెక్కకట్టండి. ఉదాహరణకు 4,000 రూపాయల టైరు 25,000 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 16 పైసలు, 5,200 రూపాయలది 40,000 వస్తే 13 పైసలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అది చూసుకోండి. బిల్లు లేకుండా కొంత తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు: ఆర్నెల్లకు పక్క ఉబ్బినప్పుడు కంపెనీ ముందుగా అడిగేది ఆ కాగితమే. టైరు సీరియల్ నంబరు కూడా బిల్లు మీద రాయించుకోండి.