సీసపు గుండ్లు: పోతపోయు విధముల చరిత్ర



లోతునీటి చేపను పట్టుటకు గాలమొక్కటియే చాలదు. దానిని అడుగునకు దింపు బరువును కావలయును. అందులకు మానవుడు మొదట రాతిని, కాల్చిన మట్టిని వాడెను. పిదప సీసమును గ్రహించెను. సీసము నీటికంటె పదునొకండు రెట్లకు మించి బరువైనది. ఇనుము కరగుటకు 1500 డిగ్రీలకు పైబడిన వేడిమి వలయును. సీసము 327 డిగ్రీలకే కరగును. కావున కొలిమి లేని జాలరియు దానిని పొయ్యిమీదనే కరగింపగలడు. కాని కరగిన సీసమును దేనిలో పోయవలెను? ఈ ప్రశ్నకు వేర్వేరు కాలములవారు వేర్వేరు సమాధానములు చెప్పిరి.

టర్కీ దక్షిణతీరమున ఉలుబురున్ కడ మునిగిన నౌకను 1984 మొదలు 1994 వరకు శోధించిరి. అది క్రీస్తునకు పూర్వము పదునాలుగవ శతాబ్దమునాటిది. అందు వలలకు కట్టు సీసపు బరువులు వందలకొలదిగా దొరకినవి. వలత్రాటిపై సీసపు రేకును మడచినచో తేలికపాటి బరువు సిద్ధమగును. దానికి మూస యక్కరలేదు. బరువు హెచ్చవలెనన్నను, ఒకే రూపు గుండ్లు పెక్కు కావలెనన్నను మూస తప్పదు.

ఈ విషయమున వడిసెల గుండ్ల చరిత్ర మనకు మంచి పాఠము. గ్రీకులు రెండు దళముల మూసలలో సీసపు గుండ్లను పోసి, వానిపై అక్షరములు సైతము తేల్చిరి. శత్రువును వెక్కిరించుచు “పుచ్చుకొనుము” అను మాటను వ్రాసిన గుండ్లు కలవు. ఇక నేటి నెదర్లాండ్సులోని వెల్సెన్ కడ నున్న రోమనుల కోటలో దొరకిన గుండ్లు వేరు తీరువి. ఇసుకలో బొటనవ్రేలు గ్రుచ్చి, ఆ గుంటలో సీసము పోసి వానిని చేసిరి. క్రీ.శ. 28లో ఫ్రీసియనులు తిరుగబడినప్పుడు త్వరలో చేసినవని పండితుల తలంపు. తీరిక యున్నచోట మూస, లేనిచోట ఇసుక; రెండును పని చేసినవి.

1782లో బ్రిస్టలు నగరపు విలియం వాట్సు మూసయే లేని యుపాయమునకు పేటెంటు పొందెను. జల్లెడగుండ ఎత్తునుండి జారిన సీసపు బొట్టు గాలిలో గుండ్రనై, క్రింది నీటిలో చల్లారును. కాని యిది చిన్న రవ్వలకే తగును. పెద్ద ముద్ద లోపల గట్టిపడక మునుపే నీటిని చేరి రూపు చెడును.

నార్వే తీరమున కాడ్ చేపను పట్టువారు చేపరూపమున నున్న బరువైన లోహమునకు గాలము తగిలించి, లోతున పైకి క్రిందికి ఆడింతురు. అచ్చట బరువే యెర. ఇట్టి పెద్ద పోతకు ఏ పద్ధతి మేలు? నాలుగైదు చాలునన్న ఇసుక మూస చవుక. కాని పోతపోతకు దానిని మరల కట్టవలెను. వందలు కావలెనన్న రెండు దళముల లోహపు మూస మేలు. కాని దానిని ముందుగా వెచ్చచేయనిచో సీసము నడుమనే గడ్డకట్టును. సీసము గట్టిపడునపుడు నూటికి మూడుపాళ్లకు పైగా కుంచించుకొనును. కనుక లావైన పోతకు పోయు ద్వారము వెడల్పుగా నుండవలెను. లేనిచో గుండు కడుపున బోలు ఏర్పడును.

అన్నిటికంటె ముఖ్యమైనది తడి. మూసలో నీటిబొట్టొకటి మిగిలినను అది ఆవిరియై వేయిరెట్లకు పైగా విరిసి, మరగు సీసమును ముఖముపైకి చిమ్మును.

సీసపు విషమును పూర్వులు ఎరుగకపోలేదు. సీసపు పనివారి మేనులు పాలిపోవుటను రోమను శిల్పి విట్రూవియసు గమనించి, త్రాగునీటికి మట్టిగొట్టములే మేలని వ్రాసెను. హంసలు చిన్న గుండ్లను మ్రింగి చచ్చుచుండుటచే 1987లో ఇంగ్లండున 28 గ్రాములవరకు గల గాలపు గుండ్ల యమ్మకమును నిషేధించిరి. పెద్ద గుండ్లు ఆ నిషేధమునకు వెలియైనను, వానిని కరగించువానికి విషము తక్కువ కాదు.

మన తీరమునను వలలకు సీసము కట్టువారు కలరు. వారు ఆరుబయట కరగించుట, వంటపాత్రను ముట్టకుండుట, పిల్లలను దూరముగా నుంచుట, పని ముగిసిన వెంటనే చేతులు కడుగుకొనుట విధులు. ఏ మూస మేలన్నది కావలసిన సంఖ్యనుబట్టి, తీరికనుబట్టి తేలును. ఈ జాగ్రత్తలు మాత్రము ఏ మూసకైనను ఒక్కటియే.