జీపు తాత, హంవీ మనవడు: బరువు చెప్పిన చరిత్ర

ఇవాళ రెండు అమెరికన్ బళ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి 1941 నాటి విల్లీస్ ఎం.బి. జీపు, రెండోది 1980ల నాటి హంవీ.

1940 జూలైలో అమెరికా ఆర్మీ 135 కంపెనీలకు లెటర్లు పంపింది. 49 రోజుల్లో ఒక ఫోర్ వీల్ డ్రైవ్ బండి చేసి చూపించాలి, బరువు 590 కిలోలు దాటకూడదు. మన భాషలో చెప్పాలంటే, క్లయింట్‌కి అసలు అవగాహనే లేని రిక్వైర్‌మెంట్ అన్నమాట! పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ సరే అంది. ఇంజినీర్ కార్ల్ ప్రోబ్స్ట్ డిజైన్ గీశాడు. సెప్టెంబర్ 23న, గడువుకి అరగంట ముందు బండి క్యాంప్ హోలాబర్డ్ చేరింది.

ఆ తర్వాత జరిగిందే బాధాకరం. ఆర్మీ ఆ బ్లూప్రింట్లను విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ ఇచ్చేసింది. బాంటమ్‌లో అంత కెపాసిటీ లేదనేది వాళ్ల వాదన. యుద్ధం అయ్యేసరికి ఆ రెండు కంపెనీలు కలిపి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. బాంటమ్ చేసినవి మూడు వేలు కూడా లేవు. చివరికి దానికి దక్కింది ట్రైలర్ల ఆర్డరు.

విల్లీస్ జీపు బరువు సుమారు 1,100 కిలోలు, ఇంజిన్ 60 హార్స్‌పవర్. బురదలో దిగబడితే సైనికులే దిగి నెట్టుకునేవాళ్లు. అదే దాని బలం.

ఇక హంవీ. 1983లో ఏ.ఎం. జనరల్‌కి 55,000 బళ్ల కాంట్రాక్టు వచ్చింది. ఈ కంపెనీ వంశం కూడా విల్లీస్‌దే. విల్లీస్ కైజర్ చేతికి, అక్కణ్ణుంచి ఏ.ఎం.సి. చేతికి వెళ్లింది. దాన్నుంచి పుట్టిందే ఏ.ఎం. జనరల్. హంవీ వెడల్పు 2.16 మీటర్లు, బరువు జీపుకి రెట్టింపు పైనే. కింద 16 అంగుళాల ఖాళీ, 6.2 లీటర్ల డీజిల్ ఇంజిన్. 1991 గల్ఫ్ వార్‌లో ఎడారిలో దూసుకెళ్లింది.

కానీ 2003 తర్వాత ఇరాక్‌లో రోడ్డు పక్కన బాంబులు పెట్టడం మొదలైంది. హంవీ చేసింది సరుకులు, మనుషుల్ని మోయడానికి, పేలుళ్లు తట్టుకోవడానికి కాదు. అడుగు చదునుగా ఉండటంతో పేలుడు దెబ్బంతా లోపలున్నవాళ్ల మీదే పడింది. కవచం తగిలించారు, బరువు పెరిగి సస్పెన్షన్, ఇంజిన్ ఇబ్బంది పడ్డాయి. చివరికి వి ఆకారపు అడుగున్న ఎమ్మార్యాప్ బళ్లు తేవాల్సి వచ్చింది. అప్పటికే చాలామంది ప్రాణాలు పోయాయి.

అంటే తాత గొప్పా, మనవడు గొప్పా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఏ పనికి చేసిన బండిని ఏ పనికి వాడాం అన్నదే ప్రశ్న. ఆ లెక్క తప్పితే దాని ఖరీదు కట్టేది డిజైన్ రాసినవాడు కాదు, లోపల కూర్చున్నవాడు.

ఇంకో మాట. విల్లీస్ లైసెన్స్‌తో మహీంద్రా మన దేశంలో తయారుచేసిన బండి ఎంతలా మనదైపోయిందంటే, జీపు అనేది తెలుగు మాటే అయిపోయింది. హంవీకి ఆ అదృష్టం దక్కలేదు. మరి బాంటమ్ పేరు మీలో ఎంతమంది ఇంతకుముందు విన్నారు? కామెంట్‌లో నిజం చెప్పండి.