డాక్టర్ బి.వి. రాజు: చేతులు మారిన ఫ్యాక్టరీ, నిలిచిన చదువు

గుమ్మడిదల నుంచి మెదక్ రోడ్డు పట్టుకొని అడవి దాటితే నర్సాపూర్ వస్తుంది. అక్కడి బి.వి. రాజు ఇంజనీరింగ్ కాలేజీ మనందరికీ తెలుసు. మన బడిలో పదో తరగతి గట్టెక్కి, తర్వాత ఆ గేటు లోపల అడుగుపెట్టిన వారు మనలోనూ ఉన్నారు. కాలేజీకి ఉన్న ఆ పేరు ఎవరిదో, ఆయన ఎలా బతికారో ఈ స్వర్ణోత్సవ వేళ ఒకసారి చెప్పుకుందాం.

భూపతిరాజు విస్సంరాజు గారు 1920లో పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం దగ్గరి కుముదవల్లిలో పుట్టారు. ఆ ఊరికి ఒక ప్రత్యేకత ఉంది. వీరేశలింగం గారి పేరుతో 1897లోనే అక్కడ గ్రంథాలయం వెలసింది. అంటే రాజు గారు పుట్టేనాటికే ఆ పల్లెలో పుస్తకాల గదికి 23 ఏళ్లు. గనులున్న ఇంట్లో పుట్టినవారికి గనులు వారసత్వంగా వస్తాయి. కుముదవల్లి పిల్లలకు వచ్చిన ఆస్తి ఆ గ్రంథాలయం.

ఆయన బతుకంతా సున్నపురాయితో ముడిపడింది. గనిలో తవ్విన రాయిని మట్టితో కలిపి, పొడిచేసి, సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే క్లింకర్ అవుతుంది. దానికి జిప్సం చేర్చి నూరితే సిమెంటు. 1965లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు ఆయన సారథ్యం వహించారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత సొంతంగా రాశి సిమెంట్ స్థాపించి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర, కృష్ణా మూసీ కలిసే ప్రాంతంలో ఫ్యాక్టరీ పెట్టారు. ఆనాడు సిమెంటు ధర, పంపిణీ సర్కారు చేతిలో ఉండేవి. బస్తా కావాలంటే పర్మిట్ కోసం తిరగాల్సిందే. 1982లో ఆ కంట్రోలు కొంత సడలింది, 1989లో పూర్తిగా పోయింది.

1998లో ఇండియా సిమెంట్స్ వారు రాశి షేరుకు 300 రూపాయలిస్తామని ముందుకొచ్చారు. ఆ పోరు దేశమంతా పత్రికల్లో నలిగింది. చివరకు రాజు గారు తన వాటా వారికే అమ్మేశారు. అప్పటికే డెబ్బై ఏడేళ్లు దాటిన మనిషి, తాను కట్టిన కంపెనీ పరాయిది కావడం చూశారు.

అయితే అంతకు ఏడాది ముందే, 1997లో, నర్సాపూర్‌లో కాలేజీ మొదలైంది. 2001లో భీమవరంలో ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. అదే ఏడు పద్మభూషణ్ అందుకున్నారు. 2002లో కన్నుమూశారు.

ప్రైవేటు కాలేజీలో ఫీజులుంటాయి, దాన్ని దానమనడం ఎలా అని అడిగేవారుంటారు. అడగదగ్గ మాటే. కానీ హైదరాబాద్‌కు రోజూ పోయి రాలేని ఇంటి పిల్లకు ఊరి పక్కనే తలుపు తెరుచుకోవడం చిన్న సంగతి కాదు.

మన బొంతపల్లి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసిన తల్లిదండ్రుల పిల్లలం మనం. కంపెనీల బోర్డులు మారడం కళ్లారా చూశాం. చదువుకున్న చదువును మాత్రం ఎవరూ కొనుక్కుపోలేదు. కాలేజీ కట్టే స్తోమత మనకు లేకపోవచ్చు. మన బడిలో పుస్తకాల గదికి రోజూ తాళం తీసే ఏర్పాటు మాత్రం మన చేతిలోనే ఉంది. సంఘం ఈ ఏడాది ఆ పని తలకెత్తుకోవాలని కోరుతున్నాను.