విశ్రాంతియు సాధనయే

శరీరసాధన అంటే ఒళ్లు హూనమయ్యేంతవరకు పరుగెత్తడమనీ, మరునాడు అంతకు మించి పరుగెత్తడమనీ చాలకాలం లోకం భావించింది. నడుమ నిలిచినవానికి సోమరి అనే పేరే దక్కింది. ఆ భావాన్ని మార్చిన జ్ఞానానికి బీజాలు క్రీడారంగంలో కాక, శరీరశాస్త్రజ్ఞుల పరిశోధనశాలల్లో పడ్డాయి.

1845లో జర్మన్ శాస్త్రజ్ఞులైన వెబర్ సోదరులు మెదడునుండి గుండెకు దిగివచ్చే వేగస్ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించి చూశారు. గుండె వేగం హెచ్చలేదు సరికదా, మందగించి ఆగింది. నాడులు పనిని పురికొల్పడమే కాక, అణచగలవని కూడ దీనివల్ల తేలింది. మన ఇచ్ఛతో నిమిత్తం లేకుండా గుండెను, జీర్ణకోశాన్ని, స్వేదగ్రంథులను నడిపే ఈ నాడులకు 1898లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు లాంగ్లీ ‘స్వయంచోదిత నాడీమండల’మనే అర్థం గల పేరు పెట్టాడు. బండికి ములుకోల, పగ్గము రెండూ కావలసినట్లే గుండెకును ఇందులో రెండు శాఖలున్నాయి. ఒకటి తొందరపెడుతుంది; రెండవది నిదానింపజేస్తుంది.

1930వ దశకంలో జర్మనీలో గెర్ష్లర్ అనే శిక్షకుడు, రైండెల్ అనే హృదయవైద్యుడు కలసి గుండె కొట్టుకొనే తీరునే సాధనకు కొలతగా గ్రహించారు. పరుగులో నాడి నిమిషానికి 180 వరకు పోవచ్చు. తరువాత 90 సెకనులలోగా అది 120కి దిగిరావాలి. దిగకుంటే ఆ పరుగు ఆ మనిషికి మించినదన్నమాట. వేగమో, దూరమో తగ్గించవలసిందే. గుండెకు బలం చేకూరేది ఆ విరామంలోనేనని వారి విశ్వాసం. అందుకే ఆ పద్ధతికి విరామం పేరుమీదనే ‘ఇంటర్వల్’ శిక్షణ అనే పేరు వచ్చింది. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్ నగరంలో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకనులలో పరుగెత్తి, అంతకుముందున్న ప్రపంచ రికార్డును 1.8 సెకనులు తగ్గించాడు. 1955 వరకు దానిని ఎవరును మించలేదు.

పరుగు ఆగగానే నాడి దిగిరావడానికి ముఖ్యకారణం వేగస్ నాడి తిరిగి పగ్గం పట్టడమేనని తరువాతి పరిశోధనలు చూపాయి. అంతేకాదు, ఆరోగ్యవంతుని గుండె గడియారంవలె సమానంగా కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కొంత త్వరగా, విడిచినప్పుడు కొంత నిదానంగా కొట్టుకొంటుంది. ఈ హెచ్చుతగ్గులు చాలవరకు వేగస్ నాడి ప్రభావమే. 2007లో ఫిన్లండ్ పరిశోధకులు ఈ తేడాలను ప్రతిదినమూ కొలిచి, అవి తగ్గిననాడు తేలిక సాధనో, విశ్రాంతియో ఇచ్చారు. తగ్గనినాడు కఠినసాధన చేయించారు. నాలుగు వారాలలో ఈ బృందం, ముందే నిర్ణయించిన పట్టిక ప్రకారం సాధన చేసిన బృందంకంటె పరుగులో ఎక్కువ పురోగతి సాధించింది.

ఈ కొలత సర్వజ్ఞం కాదు. నిద్రలేమి, దిగులు, జ్వరం కూడ దీనిని మారుస్తాయి. కాని శిక్షకునికి ఇది ఒక వివేకాన్ని ప్రసాదిస్తుంది. అలసిన బాలుని మందలించేముందు అతని మణికట్టు పట్టి చూడడం మేలు. సోమరితనమని మనం తలచినది, తన ఇచ్ఛకు లోబడని నాడులు చేస్తున్న హెచ్చరిక కావచ్చును.