వోల్మర్ వీజే-22 స్పోర్ట్స్‌మన్

నేలమీదా నీటిమీదా దిగగల రెండు సీట్ల తేలికపాటి అమెరికన్ విమానం. రూపకర్త కాలిఫోర్నియాలో పనిచేసిన వోల్మర్ జెన్సెన్. మొదటి విమానం 1958 డిసెంబరులో ఎగిరింది. దానికి ఆయన చుబాస్కో అని పేరు పెట్టుకున్నాడు. మెక్సికో పడమటి తీరంలో విరుచుకుపడే గాలివానకు అది పేరు. గంటకు 135 కిలోమీటర్ల చొప్పున తాపీగా సాగే విమానానికి కాస్త పెద్ద పేరే. ఇది ఫ్యాక్టరీ సరుకు కాదు. జెన్సెన్ అమ్మింది నిర్మాణ పటాలను. అవి కొనుక్కున్నవాళ్లు గ్యారేజీల్లో, షెడ్లలో ఎవరి విమానం వాళ్లే కట్టుకున్నారు.

సొంతంగా కట్టుకునేవాళ్లను ఎక్కువగా సతాయించేది రెక్క. జెన్సెన్ ఆ బాధ తప్పించాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఒహాయో రాష్ట్రంలోని ఏరోంకా కంపెనీ చాంపియన్, చీఫ్ రకాల చిన్న విమానాలను వేల సంఖ్యలో తయారుచేసింది. వాటి పాత రెక్కలు తెచ్చి బిగించుకునేలా వీజే-22ను రూపొందించాడు. పాత ఇంటి దూలాలతో కొత్త ఇల్లు లేపినట్టన్నమాట. ఇక మిగిలిన పెద్ద పని పడవలాంటి పొట్టభాగం: చెక్కతో కట్టి, పైన ఫైబర్‌గ్లాస్ పొర వేయాలి. తర్వాత వచ్చిన మోల్ట్ టేలర్ కూట్, జార్జ్ పెరీరా ఆస్ప్రే-2 కూడా ఇంట్లో కట్టుకునేవే గానీ, వాటికి రెక్కలూ మనమే చేసుకోవాలి.

పొట్ట అడుగున మధ్యలో ఒక మెట్టు ఉంటుంది. అది లేకపోతే నీరు అడుగును అంటిపెట్టుకుని విమానాన్ని లేవనివ్వదు. వేగం అందుకోగానే మెట్టు దగ్గర నీరు విడిపోయి, విమానం నీటి పైపైన జారుతూ పైకి లేస్తుంది. 85 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజను రెక్కకు పైన, ప్రొపెల్లర్ వెనక్కి ఉండేలా కూర్చుంటుంది. నీటి తుంపరలు దానికి తగలకూడదని ఆ ఎత్తు. అయితే అంత పైనుంచి నెట్టడం వల్ల, థ్రాటిల్ పెంచినప్పుడు ముక్కు కిందికి వాలుతుంది. మామూలు విమానాలు నడిపి వచ్చినవారికి ఇది అలవాటయ్యేదాకా కంగారే. చక్రాలను చేత్తోనే పైకెత్తాలి. చక్రాలు దించి నీటిమీద వాలితే ఏ ఉభయచర విమానమైనా బోర్లాపడే ప్రమాదం ఉంది.

ఆ తర్వాత జెన్సెన్ దృష్టి మరింత తేలికైన వాటివైపు మళ్లింది. లాక్‌హీడ్ ఇంజనీరు అర్వ్ కల్వర్‌తో కలిసి, కాళ్లతో పరుగెత్తి ఎగిరే వీజే-23 స్వింగ్‌వింగ్ తయారుచేశాడు. దానికి చిన్న ఇంజను తగిలించి 1978లో డేవిడ్ కుక్ ఇంగ్లిష్ చానెల్ దాటాడు. విమానాల సంగతి తెలియనివాళ్లు కూడా చూసిన జెన్సెన్ షాపు పని ఇంకొకటుంది. స్టార్ ట్రెక్ టీవీ ధారావాహిక కోసం 1964లో ఎంటర్‌ప్రైజ్ వ్యోమనౌక 11 అడుగుల నమూనా తయారైంది బర్బ్యాంక్‌లోని ఆయన షాపులోనే. అందులోనూ చెక్క బాగానే వాడారు. ఇప్పుడది వాషింగ్టన్‌లోని జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియంలో ఉంది.